నీటి ఇంటికీ కొండ ఇంటికీ మధ్య వ్యాజ్యం

"ఈసారి కొండ ఇంట్లోనే దిగుదాం," అన్నాడు పశువుల డాక్టరు.

"కుదరదు. నీటి ఇల్లే," అంది సర్వేయరమ్మ.

పడవల రేవు పక్కనున్న రేకుల షెడ్డులో, పెట్టెల మీద కూర్చుని బస్సు ప్రయాణపు బడలిక తీర్చుకుంటున్న ముగ్గురు పెద్దలూ ఒక్కసారిగా తలలెత్తారు. ఆ ఇద్దరూ పోట్లాడుకోవడంలో వింతేమీ లేదు. ఏటేటా ఈ షెడ్డులోనే, ఈ విషయం మీదనే పోట్లాడుకుంటారు. అయితే ఇన్నేళ్ళుగా నీటి ఇంటి పక్షాన గొంతు చించుకున్నవాడు అతడు. కొండ ఇంటి కోసం భీష్మించుకు కూర్చున్నది ఆమె. ఇవాళ ఇద్దరూ పక్షాలు మార్చుకున్నారు. కోపాలు మాత్రం ఎవరివి వారి దగ్గరే ఉన్నాయి.

"బస్సులో తల తిరిగిందా ఏమే?" అంది సర్వేయరమ్మ తల్లి. "నీటి ఇల్లు చెమ్మ, నీటి ఇల్లు చెమ్మ అని పోయినేడు నా ప్రాణం తీసింది నువ్వే కదా!"

"పోయినేడు చెమ్మగా ఉంది. ఈ ఏడు ఉండదు."

"ఎందుకుండదు? సరస్సుని తీసి ఎండలో ఆరేశారా?" అన్నాడు డాక్టరు.

"నువ్వు మాట్లాడకు. ఆ మెట్లు చూస్తేనే నీకు ఆయాసం వచ్చేది. మేకలకి వైద్యం చేసి చేసి నీకూ మేక కాళ్ళొచ్చాయా?"

"వచ్చాయనే అనుకో. మెట్లెక్కితే ఆరోగ్యం."

"ఎవరి ఆరోగ్యం? నీ పేషెంట్లెవరైనా చెప్పారా?"

ఈ రెండు కుటుంబాల సంగతి ఇక్కడ చెప్పడం అవసరం. ఒకే భవనంలో పై వాటా సర్వేయరమ్మ తల్లిదండ్రులది. ఆమె భూముల సర్వే ఆఫీసులో పనిచేస్తుంది. అన్నదమ్ములు గట్టు తగాదా పడితే గొలుసు పట్టుకుని వెళ్ళి, ఎవరి నేల ఎంతవరకో తేల్చి, హద్దు రాళ్ళు పాతించి వస్తుంది. కింది వాటాలో ఉండేది రిటైరైన జడ్జిగారూ, కాలేజీ రోజుల నుంచీ ఆవిడ దగ్గరే ఉంటున్న మనవడు, ఈ డాక్టరూ. నోరులేని జీవాల నొప్పి ఎక్కడుందో చేత్తో తడిమి చెప్పగలడని అతనికి మంచి పేరు. నోరున్నవాళ్ళ విషయంలో అంత పేరు లేదు.

జడ్జిగారు బెంచీ దిగి చాలా కాలమైంది గాని, బెంచీ ఆమెను ఇంకా వదలలేదు. భవనంలో మెట్లు ఎవరు ఊడవాలి, డాబా మీద తాళ్ళు ఏ రోజు ఎవరివి అన్న వ్యవహారాలన్నీ ఆమే తేలుస్తారు. సొంత మనవడికి వ్యతిరేకంగా ఇచ్చిన తీర్పులే ఎక్కువ గనుక, ఆమె నిష్పాక్షికతను పై వాటావాళ్ళు ఏనాడూ శంకించలేదు.

వానలు మొదలై యాత్రికులు పలచబడగానే ఈ ఐదుగురూ కొండల నడుమనున్న ఈ సరస్సుకు వస్తారు. ఒడ్డున స్తంభాల మీద నిలబెట్టిన చెక్క ఇల్లొకటి, మెట్ల దారి చివర కొండ భుజం మీద రాతి ఇల్లొకటి. రెండూ ఒకే యజమానివి. ఆయన రెండు తాళంచెవులూ జడ్జిగారి చేతిలో పెట్టి, తీర్పు వెలువడే దాకా వేచి ఉంటాడు. వ్యాజ్యానికి నియమాలు రెండే. స్థలం చూడనిదే తీర్పు లేదు. 'నాకిష్టం' అన్న మాట సాక్ష్యంగా చెల్లదు. తక్కినవాళ్ళకు ఏమిటి లాభమో చెప్పి గెలవాలి. ఈ రెండో నియమం మూలంగా ఆ యువతీయువకులిద్దరూ ఎన్ని గంటలైనా వాదించగలిగిన సమర్థులయ్యారు. తమకేది ఇష్టమో చెప్పడం మాత్రం మరిచిపోయారు.

ఇక ఈ ఏటి మెలిక. రెండు రోజుల ప్రయాణమంత దూరాన కొత్తగా పెట్టిన పెద్ద పశువుల ఆసుపత్రిలో డాక్టరుకు ఉద్యోగం ఇస్తామన్నారు. తిరిగి వెళ్ళగానే సోమవారం జవాబు చెప్పాలి. ఈ సంగతి అతడు నాయనమ్మకు చెప్పాడు, పై వాటా మామయ్యకు చెప్పాడు, అత్తయ్యకు చెప్పాడు. సర్వేయరమ్మకు మాత్రం చెప్పలేదు. తల్లి దుప్పటి ఒక కొస పట్టుకుని పిండుతూ చెబితే, రెండో కొస పట్టుకున్న ఆమెకు తెలిసింది. దుప్పటిలో నీటి చుక్క మిగల్లేదు. అప్పుడే ఆమె నిశ్చయించుకుంది: వెళ్ళిపోయే మనిషికి ఈ ఒక్కసారి తనకు నచ్చిన ఇంట్లో ఉండే భాగ్యం కలిగించాలని. అదే వారంలో, అదే భవనపు కింది వాటాలో, ఒక ఎద్దు గిట్ట ఎక్స్‌రే చూస్తూ అతడు కూడా సరిగ్గా అదే నిశ్చయించుకున్నాడు, ఆమె విషయంలో.

కాబట్టి ఇప్పుడు అతని కళ్ళకు ఆమె తనను సుఖంగా సాగనంపడానికి తొందరపడుతున్నట్టు కనబడుతోంది. ఆమె కళ్ళకు అతడు ఇన్నేళ్ళు ప్రాణమన్న నీటి ఇంటినే ఇంత తేలిగ్గా వదిలేస్తున్నవాడు, ఇక మనుషులను వదలడం ఎంతసేపు అన్నట్టు కనబడుతున్నాడు.

జడ్జిగారు చేతికర్ర నేలకు తాటించారు. "చాలు. ముందు కింది ఇల్లు చూద్దాం. అమ్మాయ్, నీ పక్షం కదా, పద."

నీటి ఇంట్లో చెక్కల కింద సరస్సు చప్పరిస్తోంది. సర్వేయరమ్మ గొంతు సవరించుకుంది. "ఇక్కడ మెట్లు లేవు బామ్మగారూ, మీ మోకాళ్ళకి మంచిది. అమ్మకి వంటిల్లు దగ్గర. నాన్నకి పేపరు పొద్దున్నే పడవలో వస్తుంది."

"బాగుంది. ఇంకా?"

"ఇదిగో, వెనక వసారాలో ఈ చివరి చెక్క చూడండి. మధ్యాహ్నం ఇక్కడ చాప వేసుకుని బోర్లా పడుకుంటే, ఈ సందులోంచి చేపలు కనిపిస్తాయి. కాళ్ళు అటు పెట్టకూడదు, తుప్పర కొడుతుంది. తల ఇటు పెట్టి, చెయ్యి ఇలా కిందికి వేలాడేస్తే, వేళ్ళకి నీళ్ళు తగులుతూ ఉంటాయి. అలా పడుకుని నిద్రపోవచ్చు. నిద్రలో నవ్వొస్తుంది కూడా."

"నవ్వొస్తుందా?" అన్నారు జడ్జిగారు.

"అంటే... రావచ్చు అంటున్నా."

డాక్టరు తన చేతివేళ్ళ వంక చూసుకుని జేబులో పెట్టుకున్నాడు. జడ్జిగారు కళ్ళజోడు తీసి, పమిట కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. బెంచీ మీద ఉన్న రోజుల్లో ఆమె కళ్ళజోడు తుడిస్తే వకీళ్ళు సర్దుకుని కూర్చునేవారట.

"పై ఇల్లు," అన్నారు ఆమె.

సామాన్లకు కాపలాగా తల్లిదండ్రులు షెడ్డులోనే ఉండిపోయారు. మెట్లు సగం ఎక్కేసరికి జల్లు మొదలైంది. ఇద్దరూ రెండు గొడుగులు తెరిచి, రెండూ జడ్జిగారికే పట్టి, వెనక తడుస్తూ తగువాడుకుంటూ నడిచారు.

"నీ గొడుగు నీళ్ళన్నీ నా మెడలోకి," అంది ఆమె.

"కొండ ఇల్లొద్దన్నావుగా, కొండ వాన మాత్రం కావాలా?"

"నీకేం? వెళ్ళేవాడివి. ఎక్కడ తడిస్తే ఏం, ఎక్కడ ఆరితే ఏం."

అతడు ఆగిపోయాడు. "ఎక్కడికి వెళ్ళేవాడిని?"

"అదే, పైకి. మెట్లెక్కు," అంది ఆమె, దాటుకుని ముందుకు పోతూ.

కొండ ఇంటి తలుపు తీయగానే పొడి రాయి వాసన వచ్చింది. డాక్టరు వాదన మొదలుపెట్టాడు. "ఇక్కడ బట్టలు పూటలో ఆరతాయి. దోమలుండవు. మామయ్యకి నడక. అత్తయ్యకి సరస్సు మొత్తం ఒకేసారి కనపడుతుంది."

"సరే. ఇంకా?"

"ఈ తూర్పు కిటికీ ఉంది చూడు నాయనమ్మా. దీని గట్టు వెడల్పు. మోకాళ్ళు ముడుచుకుని కూర్చోవచ్చు. పొద్దున ఎండ ముందు పాదాల మీద పడుతుంది, కాఫీ అయ్యేలోగా చేతుల మీదకి వస్తుంది, ఆ తర్వాత జుట్టులోకి. అప్పుడు అవతల ఒడ్డు వంక వేలితో గాల్లో గీతలు గీస్తూ, ఏ వాగు ఎక్కడ కలుస్తుందో బొమ్మ వేసుకోవచ్చు. ఎవరైనా పిలిస్తే ఒకపట్టాన వినపడదు. మూడోసారి పిలిస్తే కసురుకోవచ్చు."

"నువ్వు ఈ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఎండెక్కే దాకా దుప్పటి ముసుగు తీయవు కదురా?"

"అవును."

"మరి ఆ ఎండ ఎప్పుడు ఎక్కడికి వస్తుందో ఎలా తెలుసు?"

"ముసుగులో చిన్న కంత ఉండేది," అన్నాడు డాక్టరు.

సర్వేయరమ్మ కిటికీ వైపు తిరిగింది. ఆమె చెవులు ఎర్రబడటం చూడటానికి జడ్జిగారికి కళ్ళజోడు తుడుచుకోవలసిన పని కూడా పడలేదు.

"విచారణ ఆపుతున్నాను," అన్నారు ఆమె, ఉన్న ఒక్క కుర్చీలో నిటారుగా కూర్చుని. "మీ ఇద్దరినీ వకీళ్ళనుకున్నాను. మీరు వకీళ్ళు కారు, సాక్షులు. అమ్మాయ్, చేపలు చూస్తూ నిద్రలో నవ్వింది నువ్వు కాదు. ఒరేయ్, ఆ గట్టు మీద కూర్చుంది నువ్వు కాదు. తన మేలు దాచుకుని ఎదుటివాళ్ళ మేలు వాదించడం గొప్ప గుణమని మీ అభిప్రాయం కావచ్చు. కోర్టులో దాన్ని మోసం అంటారు. ఎందుకంటే ఎవరికి ఏం కావాలో ఎవరూ చెప్పకపోతే, ఎవరికి ఏది అందాలో తేల్చేదెలా? బయట వసారాలో నిలబడి మీకు ఏం కావాలో తేల్చుకుని రండి. నేనీ లోపల ఫ్లాస్కులో టీ తాగుతాను."

"నాయనమ్మా, అది..."

"బయటికి."

వసారా అంచున వాన దారాలు దారాలుగా వేలాడుతోంది. కింద సరస్సు రంగు మార్చుకుంటోంది. ఇద్దరూ ఒక స్తంభాన్ని మధ్యన పెట్టుకుని నిలబడ్డారు.

"ఆసుపత్రి సంగతి నాకెందుకు చెప్పలేదు?" అంది ఆమె.

"నీకు తెలిసే ఉంటుందనుకున్నా."

"తెలిసింది. అమ్మకి చెప్పావు, నాన్నకి చెప్పావు. ఎదురింటి ఆయన కుక్కకి ఇంజెక్షన్ చేస్తూ ఆయనక్కూడా చెప్పావట. ఇంక కుక్కకి కూడా చెప్పే ఉంటావు."

"కుక్కకే ముందు చెప్పాను."

ఆమెకు నవ్వు వచ్చింది. అందుకు అతని మీద మరింత కోపమూ వచ్చింది. "నవ్వించకు. చిన్నప్పుడు ఒకే బడి బల్ల మీద కూర్చున్న స్నేహం కాకపోవచ్చు. కానీ రోజూ గేటు దగ్గర నా బుర్ర తినేవాడివి. అందరికీ తెలిసింది నాకు తెలియకపోవడం న్యాయమేనా?"

"కాదు," అన్నాడు అతడు. "భయమేసింది. నీకు చెబితే కంగ్రాట్స్ అంటావు. చెయ్యి కూడా కలుపుతావు. అక్కడితో అయిపోతుంది. ఆ తర్వాత నేను ఇంకేం అడగ్గలను?"

"ఏం అడుగుదామనుకున్నావు?"

"నేను లేకపోతే నీకేమైనా తేడా వస్తుందా అని."

ఆమె గొలుసుతో కొలవగలిగినదైతే ఈపాటికి అంకె చెప్పేసి ఉండేది.

"వస్తుంది," అంది. "పొద్దున నీ స్కూటరు స్టార్టయ్యే దాకా నేను దువ్విన జడే మళ్ళీ దువ్వుతాను. నువ్వు గేటు దగ్గర ఏదో ఒకటి అంటావు. అది వినకుండా వెళ్తే ఆ రోజు నా కొలతలు తిన్నగా రావు. ఒకసారి నీ సెలవు రోజున ఒక పెద్దమనిషి పెరడంతా పక్కింట్లో కలిపేశాను. మర్నాడు వెళ్ళి సరిచేసి, తిట్లు తిని వచ్చాను. చాలా?"

అతని ముఖం వెలిగింది. "అయితే వెళ్ళను. సోమవారం వద్దని చెప్పేస్తా."

"చూశావా! మళ్ళీ నువ్వే తేల్చేశావు. వెళ్ళాలనుకున్నప్పుడూ నన్నడగలేదు, మానేసేటప్పుడూ అడగవు. పెద్ద జీవాలకి ఆపరేషన్లు చెయ్యాలని ఎన్నేళ్ళుగా కలవరిస్తున్నావు? నా మూలంగా మానేశావన్న బరువు జన్మంతా నేనెందుకు మొయ్యాలి?"

"మరేం చెయ్యమంటావు?"

"అడుగు."

డాక్టరు తడి జుట్టు వెనక్కి తోసుకున్నాడు. "నాతో ఆ ఊరు..."

"అది రెండోది. మొదటిది అడుగు."

అతడు స్తంభం ఇవతలికి వచ్చాడు. "నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

"ఎందుకు చేసుకోవాలి? కారణం చెప్పు. ఎవరికి లాభం?"

"ఎవరికీ లాభం లేదు. నాకు నువ్వంటే ఇష్టం. అంతే. సాక్ష్యం చెల్లకపోతే పోనీ."

కిటికీ లోపలి నుంచి జడ్జిగారి గొంతు వినిపించింది. "నేను వినడం లేదు. కానీ కాస్త గట్టిగా చెప్పరా, వాన చప్పుడు ఎక్కువగా ఉంది."

"ఇష్టం నాయనమ్మా!" అని అరిచాడు అతడు. "ఈ పిల్లంటే చచ్చేంత ఇష్టం!"

"నాకు చెప్తావేం? ఆ అమ్మాయికి చెప్పు."

సర్వేయరమ్మ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. వేళ్ళ సందుల్లోంచి మాట వచ్చింది. "చేసుకుంటా. ఇంక అరవకు. రెండోది అడుగు."

"నాతో ఆ ఊరు వస్తావా?"

ఆమె చేతులు దించింది. ఈసారి ఆ ముఖంలో సిగ్గు లేదు. గట్టు తగాదా తేల్చేటప్పటి ముఖమది. "ఇప్పుడే చెప్పను. అక్కడ మా శాఖ ఆఫీసు ఉందా, నాకు పని ఉందా, నేనే వెళ్ళి కనుక్కుంటా. ఉంటే వస్తా. లేకపోతే నువ్వు ఎద్దుల దగ్గరా, నేను గట్ల దగ్గరా. సెలవులకి ఒకసారి నువ్వు రావాలి, ఒకసారి నేనొస్తా."

"నాకైతే నెలకి రెండు సార్లొచ్చినా..."

"నువ్వెన్నిసార్లొస్తే నేనన్నిసార్లొస్తా. సగం సగం. నీ ఉద్యోగం ఉద్యోగమూ, నా ఉద్యోగం కాలక్షేపమూ కాదు."

"నేనెప్పుడన్నాను?"

"అనలేదు. అనకుండా ముందే హద్దు రాయి పాతుతున్నా."

"పాతెయ్," అన్నాడు అతడు ఆనందంగా. ఆమె చెయ్యి చాపింది, ఒప్పందం కుదిరినట్టు. అతడు ఆ చెయ్యి పట్టుకున్నాడు. వదలవలసిన సమయం దాటి చాలాసేపైనా ఇద్దరికీ అది తట్టలేదు.

లోపలికి వచ్చేసరికి జడ్జిగారు టీ ముగించి, కప్పు బోర్లించి కూర్చున్నారు. "తేలిందా? ఏ ఇల్లు?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అసలు వ్యవహారం ఒకటుందన్న సంగతే వాళ్ళకు గుర్తు లేదు.

"నిజం చెప్పండి," అన్నారు ఆమె.

"నిజమే అయితే కొండ ఇల్లు," అంది సర్వేయరమ్మ. "ఆ చెమ్మలో ఒక్కరోజు కూడా ఉండలేను. తువ్వాలు కూడా కప్ప వాసన కొడుతుంది."

"నిజమే అయితే నీటి ఇల్లు," అన్నాడు డాక్టరు. "ఈ మెట్లెక్కితే నాకు ప్రాణం పోతుంది. గాలికి తలుపులు రాత్రంతా కొట్టుకుంటాయి."

"ఇందాక ఆరోగ్యం అన్నావుగా?"

"ఇందాక త్యాగం చేశా. ఇప్పుడు మానేశా!"

"ఆహా! చేసుకోబోయేదాని కోసం నాలుగు మెట్లెక్కలేవా?"

"చేసుకోబోయేవాడి కోసం నాలుగు కప్పలు భరించలేవా?"

జడ్జిగారి పెదవి కొస కొద్దిగా కదిలింది. చాలామంది వకీళ్ళు జీవితకాలం ప్రయత్నించినా చూడలేకపోయిన దృశ్యమది. "ఇప్పుడు కేసు దారిలో పడింది," అన్నారు. "రెండు వాదనలూ నిజాయితీగా ఉన్నాయి. రెండూ సరిసమానంగా ఉన్నాయి. నా మోకాళ్ళు మాత్రం ఇవాళ మళ్ళీ కిందికి దిగలేమంటున్నాయి. కొండ ఇల్లు."

"ఇది అన్యాయం నాయనమ్మా!"

"నీకు వ్యతిరేకంగా రావడం కొత్తా? వెళ్ళి సామాన్లు పైకి తీసుకురా."

"నేనొక్కడినే?"

"సగం నేను మోస్తాను బామ్మగారూ," అంది సర్వేయరమ్మ.

"బామ్మగారేమిటి?" అన్నారు జడ్జిగారు, గోడ వైపు చూస్తూ. "వాడు పిలిచినట్టు పిలువు. మర్యాద ఎక్కువైతే నాకు చలేస్తుంది."

ఆమె వంగి ఆ ముడతల చేతిని తన చెంపకు ఆనించుకుంది. "అలాగే నాయనమ్మా."

షెడ్డులో తల్లి మెట్ల వంక చూస్తూ కూర్చుంది. వానలో రెండు ఆకారాలు దిగి వస్తున్నాయి.

"ఏమండీ, రెండు గొడుగులు పట్టుకెళ్ళి ఒకటే వేసుకొస్తున్నారేం? రెండోది విరిగిందా?"

తండ్రి పేపరు పక్కన పెట్టి చూశాడు. కళ్ళజోడు సర్దుకుని మరోసారి చూశాడు. "విరగలేదే. డాక్టరు చంకలో బాగానే ఉంది."

తల్లి పమిట కొంగుతో కళ్ళు ఒత్తుకుని, అంతలోనే గొంతు పెంచింది. "ఎంతసేపే? ఇక్కడ నా నడుం పడిపోయింది! ఏ ఇల్లు?"

"పైది!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"సరే, పైదే కానీండి. అల్లుడుగారు కాస్త మా అమ్మాయి చెయ్యి వదిలితే పెట్టెలెత్తొచ్చు."

డాక్టరు చెయ్యి వదిలి, చంకలోని గొడుగు జారవిడిచి, దానిని పట్టుకోబోయి ఆమె కాలు తొక్కాడు. మామగారు గొడుగు తీసి అతని చేతికిస్తూ భుజం తట్టారు. ఆ తట్టులో చెప్పవలసినదంతా ఉంది.

అన్నిటికన్నా పెద్ద పెట్టెకు ఇరువైపులా రెండు పిడులున్నాయి. అతడొకటి, ఆమె ఒకటి పట్టుకుని మొదటి మెట్టు ఎక్కారు.

"నీ వైపు తేలిక," అన్నాడు అతడు.

"నీ వైపే."

"అయితే మారుదాం."

మారారు. నాలుగు మెట్లు ఎక్కి ఆమె ఆగింది. "ఇదే బరువు. మోసం చేశావు!"

"మళ్ళీ మారుదామా?"

వాళ్ళు కొండ ఇల్లు చేరేసరికి తక్కిన సామానంతా తల్లీదండ్రీ మోసుకుని పైకి చేరిపోయారు.